పది మీటర్ల దగ్గర ఒక్క మిల్లీమీటరు: పాత ఎయిర్ రైఫిల్ ట్యూనింగ్ డైరీ

మే, రెండో వారం

రైఫిల్ చేతికొచ్చింది. జర్మనీలో తయారైన 10 మీటర్ల మ్యాచ్ ఎయిర్ రైఫిల్. 4.5 మిల్లీమీటర్ల బోరు (బ్యారెల్ లోపలి రంధ్రం వ్యాసం), సిలిండర్లో గాలి నింపి కొట్టే పీసీపీ రకం. షూటింగ్ మానేసిన ఒకాయన దగ్గర మా మేనకోడలి కోసం కొన్నాం. ఇంటర్ చదువుతోంది, ఇన్నాళ్ళూ క్లబ్బు రైఫిల్‌తోనే నెట్టుకొచ్చింది. కోచ్ గారు బ్యారెల్లోకి లైటు వేసి చూసి, "బ్యారెల్ బాగుందండీ. కానీ చాలాకాలం వాడకుండా పడేసిన రైఫిల్. పిల్ల చేతికిచ్చే ముందు మీరొకసారి మొత్తం చూడండి" అన్నారు.

చూడమని నాకు చెప్పడానికి కారణం ఉంది. నా ఉద్యోగం ఇన్‌స్ట్రుమెంటేషన్లో. ప్రెజర్ గేజీలు, రెగ్యులేటర్లు, కంట్రోల్ వాల్వులు రోజూ విప్పి బిగించే పని. పీసీపీ రైఫిల్ లోపల ఉండేది కూడా ఒక సిలిండర్, ఒక రెగ్యులేటర్, ఒక వాల్వు. దాని ముందు ఒక మంచి బ్యారెల్.

బయటి దేశాల్లో వేట రైఫిళ్ళవాళ్ళు తూటాలు సొంతంగా కట్టుకుంటారు. తుపాకి మందుని గ్రైన్ల లెక్కన (అతి చిన్న తూకపు కొలత) తూచి పోస్తారు, బుల్లెట్ ఎంత లోతున కూర్చోవాలో కొలుస్తారు, ఒక్కో మార్పుకీ ఒక్కో గ్రూపు (ఒకే గురితో వరసగా కొట్టిన కొన్ని షాట్లు) కొట్టి కాగితం మీద రాసుకుంటారు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట కథ ముగిసింది, ముగియాల్సిందే కూడా. కంబాలకొండ అభయారణ్యం ఊళ్ళోనే పెట్టుకున్న మా విశాఖవాళ్ళకి ఆ మాట ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఎయిర్ రైఫిల్‌తో పిట్టని కొట్టినా నేరమేనని మా పిల్లకి మొదటి రోజే చెప్పాను. అయితే వాళ్ళ పద్ధతి మాత్రం నాకు చాలా ఇష్టం. మందు బదులు గాలి, తూటా బదులు సీసపు పెల్లెట్. తూచడం, కొలవడం, ఒకసారికి ఒక్కటే మార్చడం మటుకు అవే. ఈ డైరీ ఆ పద్ధతిలోనే నడుస్తుంది.

చట్టం సంగతి కూడా ఇక్కడే రాసేస్తాను, చాలామంది అడుగుతుంటారు. 4.5 మి.మీ. బోరుతో, 20 జౌళ్ళ లోపు శక్తితో ఉన్న ఎయిర్ రైఫిల్‌కి 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ రైఫిల్ అందులో సగానికి కూడా రాదు. 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకి 172 మీటర్ల వేగంతో వెళ్తే 7.8 జౌళ్ళు. ఇక్కడ బలంతో పని లేదు, ప్రతి షాటూ ఒకేలా ఉండటమే కావాలి.

ఎంత ఒకేలా ఉండాలి? 10 మీటర్ల రైఫిల్ టార్గెట్ మొత్తం వెడల్పు 45.5 మి.మీ. మధ్యలో పది అనే చుక్క అర మిల్లీమీటరు. పెల్లెట్ అంచు చుక్కని తాకితే చాలు కాబట్టి, పెల్లెట్ మధ్యభాగం కేంద్రానికి 2.5 మి.మీ. లోపల పడితే పది. అక్కడి నుంచి లోపలికి ప్రతి పావు మిల్లీమీటరుకీ స్కోరు 0.1 పెరుగుతుంది. 10.9 రావాలంటే కేంద్రానికి పావు మిల్లీమీటరు లోపే పడాలి. క్వాలిఫికేషన్లో 60 షాట్లు, గరిష్ఠం 654.0. గురి సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు రైఫిల్ తనంతట తాను ఒక మిల్లీమీటరు పక్కకి పడేస్తే 0.4 పోయినట్టే. పిల్ల ఎంత బాగా పట్టుకున్నా అది తిరిగి రాదు. ఫైనల్‌కి వెళ్ళేవాళ్ళకీ ఆగిపోయేవాళ్ళకీ మధ్య తేడా చాలాసార్లు పాయింటులో పదో వంతుల్లోనే ఉంటుంది. గగన్ నారంగ్ 2012 లండన్లో కాంస్యం తెచ్చింది ఈ ఈవెంట్లోనే, మా పిల్ల గోడ మీద ఆయన ఫొటో ఉంది.

పెట్టుకున్న లక్ష్యం ఇది: క్లాంపులో బిగించి పది షాట్లు కొడితే, చాలా దూరంగా పడిన రెండు షాట్ల మధ్య దూరం 1.5 మి.మీ. దాటకూడదు.

మే, చివరి వారం

చోటు దొరికింది. కంచరపాలెంలో స్నేహితుడి పాత గోదాము. మందపాటి గోడలు, ఒకటే తలుపు. కొట్టేటప్పుడు లోపలి నుంచి గడియ. టార్గెట్ వెనక ఇనప పెట్టె, దాని వెనక గోడ. కళ్ళద్దాలు లేకుండా ఎవరూ లోపలికి రాకూడదని నియమం పెట్టాను.

క్లాంపు ఆటోనగర్లో చేయించాను. మనిషి భుజం మీద పెట్టి కొడితే పడే గ్రూపులో మనిషి తప్పెంతో రైఫిల్ తప్పెంతో విడదీయలేం. ఇసక సంచుల మీద పెట్టినా ప్రతిసారీ ఒకేలా కూర్చోదు. అందుకని 16 మి.మీ. ఎంఎస్ (మామూలు ఉక్కు) ప్లేటు మీద అల్యూమినియం దవడలు, వాటి లోపల పలచని రబ్బరు. రైఫిల్ స్టాక్ (భుజానికి ఆనించి పట్టుకునే భాగం) తీసేసి, వాల్వూ ట్రిగ్గరూ ఉండే యాక్షన్ భాగాన్ని మాత్రమే పట్టేలా. బ్యారెల్ని ఎక్కడా ముట్టకూడదు. దవడ గాడిలో నూలు వాసి కూడా తేడా రాకూడదని నేను పట్టుబడితే, లేత్ మీదున్న పెద్దాయన "ఏటి బాబూ, ఇంత సన్నగా ఎందుకు? రాకెట్టు గానీ ఎగరేస్తావేటి?" అన్నాడు. విషయం చెప్పాక తనే డయల్ గేజీ పెట్టి మళ్ళీ ఒకసారి కోత వేసి ఇచ్చాడు. ప్లేటుని గోదాములోని కాంక్రీటు దిమ్మకి యాంకర్ బోల్టులతో బిగించాం.

జూన్, మొదటి వారం

మొదటి కొలతలు. ఏదీ మార్చలేదు, రైఫిల్ వచ్చింది వచ్చినట్టే. క్లబ్బులో అందరూ వాడే పెల్లెట్లు.

పది షాట్ల గ్రూపులు 3.1 నుంచి 3.9 మి.మీ. మధ్యలో పడ్డాయి. పొడుగు ఎక్కువగా పైకీ కిందకీ, అడ్డంగా తక్కువ. ఈ సంగతి రాసి పెట్టుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

కొలిచే పద్ధతి: గ్రూపు మొత్తం చిరుగు బయటి అంచు నుంచి బయటి అంచుకి వెర్నియర్‌తో కొలిచి, అందులోంచి పెల్లెట్ వ్యాసం 4.5 తీసేయడం. వినడానికి సులువు. చిక్కేంటంటే ఇక్కడ జూన్లో గాలిలో తేమకి టార్గెట్ కార్డు మెత్తబడిపోతుంది, రంధ్రం గుండ్రంగా తెగకుండా పీచులు పీచులుగా చిరుగుతుంది. ఆ చిరుగుని కొలిస్తే సగం మిల్లీమీటరు అబద్ధం వస్తుంది. కార్డుల్ని సిలికా జెల్ పొట్లాలతో బిస్కట్ల రేకు డబ్బాలో పెట్టి, కొట్టే ముందు మాత్రమే తీస్తున్నాను. ఇప్పుడు అంచులు శుభ్రంగా తెగుతున్నాయి. సముద్రం పక్కన ఉన్న ఊళ్ళో ఈ పని చేసే ఎవరికైనా మొదట చెప్పేది ఇదే.

ఇంకో మాట. చాలామంది ఐదు షాట్లు కొట్టి, బాగా వచ్చిన కార్డు ఫొటో తీసుకుని అదే తమ రైఫిల్ సత్తా అనుకుంటారు. అదే రైఫిల్, అవే పెల్లెట్లు, ఏమీ మార్చకుండా ఐదేసి షాట్లు వరసగా కొడుతూ పోతే అతి చిన్న గ్రూపుకి రెట్టింపు ఉన్న గ్రూపు కూడా కనబడుతుంది. అదంతా యాదృచ్ఛికమే. ఆ రెండిట్లో చిన్నదాన్ని చూపించి "కొత్త స్ప్రింగు పని చేసింది" అంటే అది నిజం కాదు. నేను పది షాట్ల గ్రూపులే కొడుతున్నాను, ఏ మార్పుకైనా ఒక్క గ్రూపుతో తీర్పు చెప్పడం లేదు. ఒక షాటు పక్కకి పోతే దాన్నీ లెక్కలోనే ఉంచుతున్నాను. క్లాంపులో ఉన్న రైఫిల్‌కి చెయ్యి వణకదు. ఆ షాటు పక్కకి పోయిందంటే దానికొక కారణం ఉంది, నాకు కావలసింది ఆ కారణమే.

జూన్, మూడో వారం

క్రోనోగ్రాఫ్ తెచ్చాను. పెల్లెట్ రెండు సెన్సర్ల మీదుగా వెళ్ళడానికి పట్టిన సమయాన్ని బట్టి వేగం చెప్పే పెట్టె. గోదాములో ట్యూబులైటు వెలుగు మినుకుమినుకుమని సెన్సర్ని తికమక పెడుతుంటే దాని మీద ఇన్‌ఫ్రారెడ్ దీపాల గొడుగు బిగించాను.

సగటు వేగం సెకనుకి 169.8 మీటర్లు. అది ఫర్వాలేదు. అతి తక్కువ 166.1, అతి ఎక్కువ 172.9. ఇది మాత్రం ఊరుకునే విషయం కాదు.

లెక్క వేసి చూద్దాం. పెల్లెట్ 10 మీటర్లు వెళ్ళడానికి సుమారు 0.06 సెకను పడుతుంది. ఆ కాస్త సమయంలో అది 17 మి.మీ. పైచిలుకు కిందకి జారుతుంది. వేగం ఒక శాతం మారితే ఆ జారుడు రెండు శాతం మారుతుంది, అంటే మిల్లీమీటరులో మూడో వంతు. మాకు వేగంలో తేడా నాలుగు శాతం ఉంది. కాబట్టి కేవలం వేగం వల్లే పైకీ కిందకీ 1.3, 1.4 మి.మీ. పోతోంది. గ్రూపు నిలువుగా సాగడానికి కారణంలో పెద్ద ముక్క దొరికింది.

ఇంకో ఆధారం కూడా కనబడింది. రైఫిల్‌ని కాసేపు వదిలేసి వచ్చి కొడితే మొదటి షాటు ఎప్పుడూ వేగంగా వెళ్తోంది, కార్డు మీద పైన పడుతోంది. వెంటవెంటనే కొడితే వేగం తగ్గి కుదురుకుంటోంది. ఈ రోగం నాకు తెలుసు. ప్లాంటులో ఎయిర్ లైను రెగ్యులేటర్లకి ఇదే వస్తుంది, క్రీప్ అంటాం. సిలిండర్లో 200 బార్ ఉంటుంది, రెగ్యులేటర్ దాన్ని ఈ రైఫిల్లో 75 బార్ దగ్గరకి దించి ఆపాలి. దాని సీటు (గాలి దారిని మూసే బిళ్ళ) పూర్తిగా మూసుకోకపోతే గాలి సన్నగా లోపలికి కారుతూనే ఉంటుంది. రైఫిల్ ఎంతసేపు ఖాళీగా ఉంటే ఒత్తిడి అంత పెరుగుతుంది, తర్వాతి షాటు అంత గట్టిగా వెళ్తుంది. మ్యాచ్‌లో ఒక షాటుకి ముప్ఫై సెకన్లు, ఇంకో షాటుకి రెండు నిమిషాలు తీసుకునే షూటర్‌కి ఇది నరకం. తన తప్పు ఏమీ లేకుండా షాట్లు పైకీ కిందకీ పోతాయి.

జూన్, చివరి వారం

రెగ్యులేటర్ విప్పాను. విప్పే ముందు చేయాల్సింది గట్టిగా రాస్తున్నాను: సిలిండర్ తీసేశాక గేజీ సున్నా చూపించినా సరిపోదు. రెగ్యులేటర్ తర్వాతి గదిలో గాలి మిగిలి ఉంటుంది. పెల్లెట్ లేకుండా, బ్యారెల్ గోడ వైపు పెట్టి, చప్పుడు పూర్తిగా ఆగేదాకా ట్రిగ్గర్ నొక్కాలి. ఆ తర్వాతే పానా పట్టుకోవాలి.

లోపల సీటు బఠాణీ గింజంత కూడా ఉండని ప్లాస్టిక్ బిళ్ళ. కంసాలి కంటికి పెట్టుకునే భూతద్దంతో దీపం కింద పెట్టి చూశాను. లోహపు అంచు నొక్కుకుని నొక్కుకుని పడిన గుండ్రటి గాడి స్పష్టంగా కనిపించింది. ఆ గాడికి అడ్డంగా ఒక సన్నటి గీత. గీత చివర తెల్లటి రవ్వ ఒకటి బిళ్ళలోకి దిగబడి ఉంది. గోటితో గీరితే రాలేదు, సూదితో తీయాల్సి వచ్చింది.

ఆ తెల్ల రవ్వ ఎక్కడిదా అని సిలిండర్ మెడ దగ్గర చూస్తే అక్కడ విభూతిలాంటి పొడి పేరుకుని ఉంది. అల్యూమినియం తేమకి తినేయబడితే వచ్చే పొడి అది. ఎన్నేళ్ళో తడి గాలి నింపి ఉంటారు. ఆ తెల్ల రవ్వలు గాలితో పాటు వచ్చి సీటు మీద పడుతున్నాయి, సీటు మూసుకోవడం లేదు, వేగం మారుతోంది, గ్రూపు నిలువుగా సాగుతోంది. కార్డు మీద మిల్లీమీటరు సాగుడికి మూలం సిలిండర్ మెడలో తేలింది! ఇలాంటి గొలుసు చివరికంటా పట్టుకున్నప్పుడు కలిగే ఆనందం నాకు ఇంకే పనిలోనూ దొరకదు.

సిలిండర్ మీద చెక్కిన తారీఖు చూశాను. మ్యాచ్ రైఫిళ్ళ సిలిండర్లకి తయారీదారులు పదేళ్ళ గడువు పెడతారు. దీనికి ఆ గడువు దాటింది, పైగా లోపల తుప్పు. 200 బార్ గాలి పిల్ల చెంప పక్కన ఉంటుంది. ఆలోచించాల్సిన పనే లేదు, పక్కన పడేసి కొత్తది తెప్పిస్తున్నాం. మొత్తం పనిలో ఎక్కువ ఖర్చు దీనికే.

జులై

కొత్త సిలిండర్, సర్వీసు కిట్‌లోంచి కొత్త సీటు, కొత్త ఓ-రింగులు. రెగ్యులేటర్ భాగాల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, దుమ్ము లేని గుడ్డతో తుడిచి, ఓ-రింగులకి సిలికాన్ గ్రీజు చాలా పలచగా రాశాను. మామూలు మెషీన్ ఆయిలు, పెట్రోలియం గ్రీజు ఇక్కడ వాడకూడదు, ఒత్తిడితో వేడెక్కిన గాలిలో అంటుకోగలవు. ఆక్సిజన్ సిలిండర్ నుంచి నింపడం అనే ఆలోచన కూడా రాకూడదు, అది పేలుడే.

గాలి ఎక్కడ నింపాలన్నది తర్వాతి ప్రశ్న. చేతి పంపుతో నింపొచ్చు, కానీ విశాఖ గాలి జులైలో నీళ్ళతో సమానం. దాన్ని 200 బార్‌కి నొక్కితే అందులోని తేమంతా నీటి బొట్లుగా దిగుతుంది, పాత సిలిండర్‌కి పట్టిన గతే దీనికీ పడుతుంది. రుషికొండ వైపు స్కూబా డైవింగ్ నేర్పేవాళ్ళ కంప్రెసర్‌కి తేమని పట్టేసే ఫిల్టర్లు ఉంటాయి, మనుషులు పీల్చే గాలి కదా. అక్కడ ఒక పెద్ద స్కూబా సిలిండర్ నింపించుకుని, దాన్నుంచి రైఫిల్ సిలిండర్లోకి వదులుతున్నాం. వాల్వు మెల్లగా తిప్పాలి. గబగబా నింపితే సిలిండర్ వేడెక్కుతుంది, చల్లారాక గేజీ కిందకి పడిపోతుంది. పెద్ద సిలిండర్ తగ్గే కొద్దీ రైఫిల్ సిలిండర్ 200 దాకా నిండదు. దానివల్ల నష్టం లేదు, రెగ్యులేటర్ ఒత్తిడికి బాగా పైన ఉన్నంతవరకూ వేగం మారదు, షాట్లు తక్కువ వస్తాయి అంతే.

మళ్ళీ క్రోనోగ్రాఫ్. అతి తక్కువకీ అతి ఎక్కువకీ తేడా 6.8 నుంచి 1.9 మీటర్లకి దిగింది. కాసేపు వదిలేసి కొట్టినా మొదటి షాటు మిగతావాటితోనే ఉంది. గ్రూపులు 2.2, 2.3 మి.మీ. దగ్గర ఆగాయి. ఆకారం ఇప్పుడు గుండ్రంగా ఉంది, నిలువు సాగుడు పోయింది.

ఆగస్టు, మొదటి రెండు వారాలు

ఇక పెల్లెట్లు. తూటాలు కట్టుకునేవాళ్ళకి మందూ బుల్లెట్టూ ఎంత ముఖ్యమో మాకు పెల్లెట్ ఒక్కటే అంత ముఖ్యం.

పెల్లెట్‌కి నడుము సన్నగా, తల బల్లపరుపుగా, వెనక లంగా విచ్చుకుని ఉంటుంది. గాలి వెనక నుంచి కొట్టగానే లంగా అంచు బ్యారెల్ గాళ్ళలోకి ఒత్తుకుని గాలి తప్పించుకోకుండా మూసేస్తుంది. తల బ్యారెల్ మధ్యలో సరిగ్గా కూర్చోవాలి. తల వ్యాసం 4.49, 4.50, 4.51 ఇలా మిల్లీమీటరులో నూరో వంతు తేడాలతో అమ్ముతారు. ఏ బ్యారెల్‌కి ఏది సరిపడుతుందో చూపులకి తెలీదు, కొట్టి చూడాల్సిందే. పెద్ద షూటర్లు రైఫిల్ పట్టుకుని జర్మనీలో పెల్లెట్ ఫ్యాక్టరీలకే వెళ్ళి, క్లాంపులో పెట్టించి, తమ బ్యారెల్‌కి నచ్చిన బ్యాచ్ ఏరుకుని వస్తారు. అలాంటి ఫ్యాక్టరీ ఉన్న జర్మన్ ఊరు ఫ్యూర్త్. మాకు కంచరపాలెం గోదామే ఫ్యూర్త్.

ఎర్ర డబ్బా, నీలం డబ్బా, నల్ల డబ్బా. మూడూ 0.53 గ్రాముల మ్యాచ్ పెల్లెట్లే. పేర్లు రాయడం లేదు, ఎందుకంటే నా బ్యారెల్‌కి పడనిది మీ బ్యారెల్‌కి పడొచ్చు. డబ్బా మార్చినప్పుడల్లా కొన్ని షాట్లు పక్కన టార్గెట్‌లో కొట్టేసి, ఆ తర్వాతే లెక్కలోకి తీసుకున్నాను. బ్యారెల్ కొత్త సీసానికి అలవాటు పడేదాకా గ్రూపు తిన్నగా పడదు.

ఎర్ర డబ్బా 4.50 తల: 2.3. అదే ఎరుపు 4.49: 2.6. నీలం 4.50: 1.9. నల్ల డబ్బా 4.50: 1.4!

ఎంత సంతోషమేసిందో. మర్నాడు అదే నల్ల డబ్బా, అదే కంపెనీ, అదే 4.50 తల, అయితే వేరే బ్యాచ్ నంబరు ఉన్నది పెట్టి కొట్టాను. 2.2. నమ్మబుద్ధి కాలేదు. మళ్ళీ మొదటి బ్యాచ్ పెట్టాను, 1.3. రెండోది మళ్ళీ, 2.1. అటూ ఇటూ మార్చి మార్చి కొడుతూనే ఉన్నాను, ప్రతిసారీ అదే తీరు. పేరు ఒకటే, కొలత ఒకటే, అచ్చులో ఎక్కడో తేడా. ఒకే కంపెనీలో రెండు బ్యాచ్‌ల మధ్య తేడా, రెండు కంపెనీల మధ్య తేడాకి దాదాపు సమానం. "ఏ బ్రాండు మంచిది?" అని నన్నెవరైనా అడిగితే ఇకనుంచి "డబ్బా అడుగున నంబరేంటి?" అని అడుగుతాను.

నాకు కనబడిన మెరుగులో రెగ్యులేటర్ తర్వాత అతి పెద్దది ఇదే. దీనికి పానా కూడా పట్టుకోలేదు.

ఆగస్టు, చివర

తూచడం గురించి. కురుపాం మార్కెట్లో బంగారం పనివాళ్ళు వాడే మిల్లీగ్రాము కాటా ఒకటి కొన్నాను. నల్ల డబ్బా పెల్లెట్లు ఒక్కొక్కటీ తూచి, బరువుల వారీగా విడదీశాను. మెడికల్ షాపువాళ్ళు మాత్రలు పెట్టే చిన్న కవర్లలో పోసి పెట్టాను. దాదాపు అన్నీ 0.527 నుంచి 0.534 గ్రాముల మధ్య ఉన్నాయి.

లెక్క ముందే చెబుతోంది: బరువు ఒక శాతం మారితే వేగం సుమారు అర శాతం మారుతుంది, టార్గెట్ మీద 0.17 మి.మీ. తూచినవాటినీ తూచనివాటినీ విడివిడిగా, మార్చి మార్చి కొడితే కార్డుల్లో తేడా కనబడలేదు. మంచి బ్యాచ్ అయితే తూచడం అనవసరం అని నా అభిప్రాయం. లంగా అంచు నొక్కుకుపోయినవి మాత్రం దీపం కింద చూసి ఏరేయాలి. అవి నిజంగానే పక్కకి పోతాయి, ఏరి పెట్టినవాటినే కొట్టి చూస్తే గ్రూపు మూడు మిల్లీమీటర్లు దాటింది.

సీసం కాబట్టి, పెల్లెట్లు ముట్టుకున్న చేత్తో ఏమీ తినడం లేదు. కాటా వంటింట్లోకి రాదు. పిల్లకి కూడా ప్రాక్టీసు అయిన వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోవడం అలవాటు చేశాం.

సెప్టెంబరు

వేగం ట్యూనింగ్. వాల్వుని కొట్టి తెరిచే సుత్తి స్ప్రింగు బిగువు మారిస్తే వాల్వు ఎంతసేపు తెరుచుకుంటుందో మారుతుంది, దాంతో వేగం. 165 నుంచి 177 దాకా మెట్లు మెట్లుగా పెంచి చూశాను. తూటాలు కట్టుకునేవాళ్ళు మందు కొద్దికొద్దిగా పెంచుతూ "ఇదిగో ఈ మెట్టు దగ్గర రైఫిల్ ఇష్టపడుతోంది" అంటారు కదా, అలాంటి చోటు మాకూ దొరుకుతుందేమోనని ఆశ. 165 దగ్గర వేగం కొంచెం ఎగుడుదిగుడు, 177 దగ్గర కూడా. 169కీ 174కీ మధ్య ఎక్కడ పెట్టినా గ్రూపులు ఒకటే. కొన్ని 1.2, కొన్ని 1.5. ఇందులో ఏదో ఒక మెట్టుని ఏరి ఇదే రహస్యం అని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. మధ్యలో 172 దగ్గర పెట్టి, స్క్రూ మీద గుర్తు గీసి వదిలేశాను.

బ్యారెల్ శుభ్రం: ఫెల్ట్ గుళికలు తీగతో లాగాను. మొదటివి బొగ్గులా నల్లగా వచ్చాయి, తర్వాతవి బూడిద రంగు, చివరికి తెలుపు. శుభ్రం చేసిన వెంటనే గ్రూపు చెదిరింది, కొన్ని పదుల షాట్ల తర్వాత మళ్ళీ కుదురుకుంది. కాబట్టి పోటీకి ముందురోజు శుభ్రం చేయకూడదు. పిల్ల నోట్‌బుక్‌లో ఎర్ర ఇంకుతో రాయించాను.

తుప్పు గురించి ఒక వాక్యం: ఈ ఊరి ఉప్పు గాలికి బ్యారెల్ బయటి భాగం ఒక్క రాత్రి చెమట చేత్తో వదిలేస్తే చాలు, చుక్కలు మొదలవుతాయి. నూనె గుడ్డతో తుడిచి, సిలికా జెల్ ఉన్న పెట్టెలో పెడుతున్నాం. పొట్లాల రంగు మారగానే వేయించి ఆరబెడుతున్నాం.

అక్టోబరు

స్టాక్ తిరిగి బిగించాను. టార్క్ పానాతో మాన్యువల్లో ఉన్న బిగువుకే. ముందు స్క్రూ, వెనక స్క్రూ వేరువేరుగా బిగిస్తే గ్రూపు పెరగలేదు కానీ మొత్తంగా ఒక పక్కకి జరిగింది. అందుకని రెండూ ఒకే బిగువు. ట్రిగ్గర్ బరువు, రెండో మెట్టు ఎక్కడ తగలాలన్నది నేను ముట్టుకోలేదు. అది వేలికి సంబంధించినది, కోచ్ గారూ పిల్లా కూర్చుని సరిచేసుకున్నారు.

స్టాక్‌తో సహా క్లాంపులో చివరి కొలతలు: పది షాట్లకి 1.2 నుంచి 1.5. లక్ష్యం చేరాం.

నవంబరు, మొదటి వారం

పిల్ల చేతికిచ్చాను. మొదట నిలబడి కాదు, ఇసక సంచి మీద ఆనించి. తర్వాత నిలబడి. కొన్ని షాట్లయ్యాక ఒకటి 9.8 పడింది. తను తల తిప్పకుండానే "మావయ్యా, అది నాదే. వదిలేటప్పుడు భుజం కదిలింది" అంది. క్లబ్బు రైఫిల్‌తో అయితే తొమ్మిది పడినప్పుడల్లా అది తనదో రైఫిల్‌దో తెలీక, లేనిపోని చోట నిలబడే తీరు మార్చుకునేది. ఇప్పుడు షాటు ఎక్కడికి పోయిందో కార్డు చూడకముందే చెబుతోంది, కార్డు కూడా అదే చెబుతోంది. కోచ్ గారు పక్కనే నిలబడి, "ఇప్పుడు నేను తనకి నేర్పగలనండీ" అన్నారు.

నల్ల డబ్బా ఆ బ్యాచ్‌వి దొరికినన్ని కొనేశాం. దిగుమతి సరుకు, ఒకసారి అయిపోతే అదే నంబరు మళ్ళీ రాదు. పోటీలకి ఇవే, రోజువారీ ప్రాక్టీసుకి నీలం డబ్బా. డబ్బాల మూతలకి టేపు చుట్టి, మీద బ్యాచ్ నంబరూ గ్రూపు కొలతా మార్కర్‌తో రాశాను.

ఇంకా మిగిలింది: డిసెంబరులో తేమ తగ్గాక అదే బ్యాచ్‌ని మళ్ళీ క్లాంపులో పెట్టి 1.3 నిలుస్తోందో లేదో చూడాలి. క్రోనోగ్రాఫ్‌తో నెలకొకసారి రెగ్యులేటర్ తనిఖీ. ఆ తర్వాత స్టాక్ చివర భుజానికి ఆనే బట్ ప్లేటు. పిల్ల ఈ ఏడాది పొడుగెదిగింది, భుజానికి తగిలే చోటు మారింది. దాని వంపు కొలతలు తీసుకుని ఆటోనగర్ పెద్దాయన దగ్గరికి వెళ్ళాలి.